లాఠీ ముందుగా ఎవరికి తగిలింది: గుంటూరు దగ్గర హైవే రాస్తారోకోపై ఒక కేస్ స్టడీ

కొత్తగా పోలీసు సర్కిల్ బాధ్యతలు తీసుకునే అధికారుల కోసం ఈ కేసు రాస్తున్నాను. ఊరి పేరు, సంవత్సరం, మనుషుల ఆనవాళ్లు వదిలేశాను. కొన్ని చిన్న వివరాలు మార్చాను. జరిగిన క్రమాన్నీ, ప్రతి నిర్ణయం వెనక నడిచిన ఆలోచననూ మాత్రం ఉన్నదున్నట్టు పెట్టాను.

రాజకీయ ర్యాలీలు, ముట్టడి కార్యక్రమాల బందోబస్తు గురించి మన దగ్గర నోట్సు చాలా ఉన్నాయి. వాటికి తేదీ ముందే తెలుస్తుంది. బలగాలు వస్తాయి, బారికేడ్లు వస్తాయి, ఫాల్-ఇన్‌లో బ్రీఫింగ్ ఉంటుంది. ఒక ఎస్సైకి ఉద్యోగంలో తరచూ ఎదురయ్యేది ఇది కాదు. చీకటి పడే వేళ రోడ్డు మీద శవం, చుట్టూ ఊరంతా, తన వెంట నలుగురు కానిస్టేబుళ్లు, వైర్‌లెస్ సెట్లో ఆగకుండా పైనుంచి పిలుపులు. ఈ కేసు అలాంటిది.

నేపథ్యం

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల మిరప కోతలు జోరు మీద ఉంటాయి. కూలీలను తెల్లవారుజామునే ఆటోల్లో తీసుకెళ్లి, పొద్దుగూకేసరికి వెనక్కి తెస్తారు. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పది, పన్నెండు మంది ఉంటారు. వాళ్లు దాటాల్సింది పదహారో నంబరు జాతీయ రహదారిని. ఆరు వరుసల రోడ్డు, కోల్‌కతా నుంచి చెన్నై దాకా నడిచే లారీలు. అండర్‌పాస్ దూరమైన ఊళ్లలో మీడియన్‌కు మధ్య వదిలిన ఖాళీ దగ్గరే అడ్డంగా దాటుతారు. అది ప్రమాదమని వాళ్లకు తెలియక కాదు. పొలంలో పన్నెండు గంటలు వంగి కోసిన మనిషి ఇంకో మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి రావడానికి ఇష్టపడదు, ఆటోవాడూ డీజిల్ దండగ అనుకుంటాడు.

ఆ సాయంత్రం అలాంటి ఖాళీ దగ్గర మలుపు తీసుకుంటున్న ఆటోను లారీ కొట్టింది. ఇద్దరు మహిళలు అక్కడికక్కడే చనిపోయారు. గాయపడ్డవాళ్లను 108లోనూ, అటుగా వెళ్తున్న కార్లలోనూ గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌కు పంపారు. చనిపోయినవాళ్లు హైవే పక్కనే ఉన్న ఎస్సీ కాలనీవాళ్లు. అదే చోట అంతకుముందు కూడా మనుషులు పోయారు. అక్కడ వేగం తగ్గించే ఏర్పాటు చేయమని, అండర్‌పాస్ వేయమని కాలనీ పెద్దలు అర్జీలు పెట్టుకున్నారు. ఏదీ కదల్లేదు.

ఈ పాత చరిత్ర తెలియకపోతే ఆ రాత్రి అర్థం కాదు. శవాన్ని రోడ్డు మీంచి తీయనివ్వకపోవడం చూసేవాళ్లకు మొండితనంలా కనిపిస్తుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క సూటిగా ఉంది. అర్జీకి ఎవరూ రాలేదు. శవం రోడ్డు మీద ఉన్నంతసేపూ తహసీల్దారు వస్తాడు, డీఎస్పీ వస్తాడు, టీవీవాళ్లు వస్తారు. అది మార్చురీకి వెళ్లిన మరుక్షణం అందరూ వెళ్లిపోతారు. అనుభవం వాళ్లకు నేర్పింది ఇది. అలాంటివాళ్లను శవం దగ్గర నుంచి లాగితే, తమ చేతిలో మిగిలిన ఒక్క పట్టునూ లాక్కుంటున్నట్టే ఉంటుంది.

మొదటి గంట

స్థానిక ఎస్సై పది నిమిషాల్లోనే చేరుకున్నాడు. వెంట ఒక హెడ్ కానిస్టేబుల్, నలుగురు కానిస్టేబుళ్లు, ఇద్దరు హోంగార్డులు. మహిళా సిబ్బంది లేరు. అతని మొదటి నిర్ణయం శవాలను తక్షణం తరలించడం. దానికి అతను తర్వాత చెప్పిన కారణాలన్నీ సరైనవే: చీకటి పడుతోంది, వెనక నుంచి మరో బండి వచ్చి గుద్దే ప్రమాదం ఉంది, చనిపోయినవాళ్లను అలా రోడ్డు మీద ఉంచకూడదు, ట్రాఫిక్ కిలోమీటర్ల మేర ఆగిపోతోంది.

కారణాలు బాగానే ఉన్నా, అది అమలు చేసే మనుషులు ఆ పనికి తగినవాళ్లు కారు. కానిస్టేబుళ్లు స్ట్రెచర్ తీసుకుని వెళ్లేసరికి ఒక తల్లి కూతురి శవం మీద పడిపోయింది. ఆమెను పక్కకు తీయబోయి ఒకతను భుజం పట్టుకుని లాగాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లకు కనిపించింది ఖాకీ చొక్కా వేసుకున్న మగవాడు ఏడుస్తున్న ఆడమనిషిని లాగడం. నలభై అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు వినిపించింది "ఆడోళ్లను కొడుతున్నారు" అన్న అరుపు. ఫోన్లు పైకి లేచాయి. అరగంటలో పక్క ఊళ్ల కుర్రాళ్లు బైకుల మీద దిగారు.

అప్పటికి రోడ్డు మీద మూడు వందల మంది దాకా ఉన్నారని అంచనా. వాళ్లు ఒక్క గుంపు కాదు. శవాల చుట్టూ ముప్పై మంది లోపు బంధువులు, ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లకు బయట ఏం జరుగుతోందో పట్టదు. వాళ్ల తర్వాత కాలనీ పెద్దలు, పాస్టర్ గారు, ఆటో డ్రైవర్లు. డిమాండ్లు ఉన్నది వీళ్లకే, మాట్లాడగలిగిందీ వీళ్లే. అంచుల్లో బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు, ఆగిపోయిన బస్సుల్లోంచి దిగిన ప్రయాణికులు, ఊరికే చూడటానికి వచ్చినవాళ్లు. ఈ మూడు గుంపులకూ ఒకదానితో ఒకదానికి ఆ క్షణానికి పెద్దగా సంబంధం లేదు. ప్రయాణికుల్లో చాలామంది రాస్తారోకో మీద విసుక్కుంటున్నారు కూడా.

లాఠీఛార్జి

సెట్లో ఒత్తిడి పెరిగింది. ఆగిన వాహనాల్లో ఒక అంబులెన్స్ ఉందని, పిల్లలున్న బస్సులు ఉన్నాయని కబుర్లు. రోడ్డు ఎంతసేపట్లో తెరుస్తారని పదేపదే అడుగుతున్నారు. సీఐ ఇరవై మంది ఏఆర్ (సాయుధ రిజర్వు) పార్టీతో వచ్చాడు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 148 ప్రకారం, అంటే పాత సీఆర్‌పీసీ 129 ప్రకారం, చెదిరిపొమ్మని ముందు ఆదేశించాలి. స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి ఆ అధికారం ఉంది. ఆదేశించినా కదలకపోతే బలం వాడవచ్చు. సీఐ జీపు మైకులో ఆదేశం ఇచ్చాడు. లారీల హారన్ల మధ్య అది ముందు వరుసకు తప్ప ఎవరికీ వినపడలేదు. రెండు, మూడు నిమిషాలు ఆగి, దక్షిణం వైపు నుంచి వరుసగా తోసుకుంటూ లాఠీలతో ముందుకు నడిచారు.

పది నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయినట్టు కనిపించింది. సెట్లో "క్లియర్" అని కూడా చెప్పారు.

ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అని చూడాలి. అంచుల్లో ఉన్న కుర్రాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు పరుగెత్తారు. కొంతమంది మీడియన్ దూకి అవతలి రోడ్డులోకి, నెమ్మదిగా కదులుతున్న లారీల మధ్యలోకి వెళ్లారు. అక్కడ ఇంకో ప్రాణం పోకపోవడం అదృష్టం. మిగిలినవాళ్లు గట్టు దిగి సైడు కాలువ దాటి మిరప చేలల్లోకి వెళ్లారు. బంధువులు కదల్లేదు. శవాల మీద పడి ఏడుస్తున్న ఆడవాళ్లను లాఠీతో కొట్టడానికి ఏ కానిస్టేబులూ చెయ్యెత్తలేదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. అంటే రోడ్డుకు అడ్డంగా ఉన్న అసలు కారణం అక్కడే ఉంది.

ఇక లాఠీ దెబ్బలు ఎవరికి తగిలాయి? ముందు వరుసలో ఉన్నవాళ్లకు. ముందు వరుసలో ఉన్నదెవరు? పోలీసులతో మాట్లాడదామని వచ్చిన కాలనీ పెద్దలు. ఒక పెద్దాయన ముంజేయి విరిగింది. గంట ముందు ఎస్సైతో "మేం మాట్లాడి ఒప్పిస్తాం, కొంచెం టైమ్ ఇవ్వండి" అన్నది ఆయనే.

నా ఉద్యోగంలో చూసిన చాలా లాఠీఛార్జీల్లో ఇదే క్రమం కనిపించింది. రాయి చేతిలో ఉన్నవాడు ఎప్పుడూ వెనక ఉంటాడు. గొడవ వద్దనుకునేవాడు పోలీసు లైనుకు దగ్గరగా, చేతులు చాచి నిలబడతాడు. లైను కదిలినప్పుడు దెబ్బ అతనికే పడుతుంది. ఆ తర్వాత మనకు మాట్లాడటానికి ఎవరూ మిగలరు.

తర్వాత జరిగింది ఊహించదగ్గదే. గట్టు కింద సర్వీసు రోడ్డు పని కోసం పోసిన కంకర ఉంది. చీకట్లోంచి రాళ్లు మొదలయ్యాయి. ఇద్దరు కానిస్టేబుళ్లకు గాయాలయ్యాయి, వాళ్లలో ఒకరికి హెల్మెట్ లేదు. రెండు బస్సుల అద్దాలు పగిలాయి. అంతవరకు రాస్తారోకోను తిట్టుకుంటున్న ప్రయాణికుల్లో కొందరు ఇప్పుడు పోలీసులను తిట్టడం మొదలుపెట్టారు. లైను ముందుకు నడిచినప్పుడు వాళ్లకూ దెబ్బలు తగిలాయి మరి. మూడు వేరువేరు గుంపులుగా ఉన్నవాళ్లు ఒక్కటయ్యారు. బ్రిటన్‌లో స్టీఫెన్ రైచర్, క్లిఫర్డ్ స్టాట్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చూపించింది ఇదే: ఎవరు ఏం చేస్తున్నారన్న తేడా చూడకుండా పోలీసులు అందరినీ ఒకేలా చూస్తే, అప్పటిదాకా విడివిడిగా ఉన్నవాళ్లు "మనం" అనుకోవడం మొదలుపెడతారు. 2004లో పోర్చుగల్‌లో జరిగిన యూరో ఫుట్‌బాల్ పోటీల బందోబస్తును ఆ అవగాహనతోనే రూపొందించారు. హెల్మెట్లు, లాఠీలు కనపడని సిబ్బంది ముందు, అల్లర్ల బృందాలు కనుచూపుకు అవతల. మన హైవే గట్టు మీద కూడా మనుషులు అలాగే ప్రవర్తిస్తారు.

నేను బాధ్యత తీసుకున్నాక

ఆ సమయంలో పై అధికారిగా నేను అక్కడికి చేరాను. నా ముందుకు వచ్చిన మొదటి ప్రశ్న టియర్ గ్యాస్ వాడాలా వద్దా అని. గ్యాస్ గుండ్లు పేల్చే వజ్ర వాహనం సిద్ధంగా ఉంది. సీఐ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు: రాళ్లు పడుతున్నాయి, మన మనుషులకు దెబ్బలు తగిలాయి, లాఠీతో గట్టు దిగి చీకట్లోకి వెళ్లలేం, గ్యాస్ అయితే దూరం నుంచే పని అవుతుంది.

గ్యాస్ వద్దనుకోవడానికి ఆలోచించినవి ఇవి. రాళ్లు వేస్తున్నవాళ్లు గట్టు కింద ఉన్నారు, వాళ్ల వెనక ఎటు చూసినా పొలాలే, వాళ్లు వెనక్కి జరిగి మళ్లీ వస్తారు. గ్యాస్ గాలి వాలున మా వెనక ఆగిన బస్సుల మీదికి వచ్చేలా ఉంది. బస్సుల్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు, అద్దాలు పగిలి ఉన్నాయి, వాళ్లు దిగి పరుగెత్తితే ఎటు వెళ్తారు? మళ్లీ లారీల మధ్యకే. బంధువులు శవాలను వదిలి వెళ్లరు, కాబట్టి గ్యాస్ ఎక్కువగా పీల్చేది వాళ్లే. గుంపును చెదరగొట్టే ఏ సాధనానికైనా ఒక షరతు ఉంటుంది: చెదిరినవాళ్లు వెళ్లడానికి దారి ఉండాలి. అక్కడ దారి లేదు.

2012లో రామ్‌లీలా మైదానం తీర్పులో సుప్రీంకోర్టు, నిద్రపోతున్న జనం మీద అర్ధరాత్రి చేసిన పోలీసు చర్యను తప్పుపట్టింది. 2016లో అనితా ఠాకూర్ కేసులో ఇంకో సంగతి స్పష్టం చేసింది: గుంపు హింసకు దిగినప్పుడు తగినంత బలం వాడటం సమర్థనీయమే, పరిస్థితి అదుపులోకి వచ్చాక కూడా ఆపకపోవడం సమర్థనీయం కాదు. ఈ రెండూ కోర్టు కోసం గుర్తుపెట్టుకోవాల్సిన విషయాలు అనుకుంటారు చాలామంది. నేను వాటిని ఆ గట్టు మీద వాడే కొలతలుగా చూస్తాను. ఈ క్షణాన ఈ బలం ఏ హింసను ఆపుతుంది? ఆపాక మనం ఎప్పుడు ఆగుతాం? రెంటికీ జవాబు చెప్పలేకపోతే వాడకూడదు.

గ్యాస్ వద్దనడంతో పాటు ఇంకో పని చేశాం. పార్టీతో వచ్చిన ఆయుధాల గార్డును బాగా వెనక్కి, కనపడనంత దూరం పంపించాం. రాళ్లు తింటున్న, భయపడుతున్న, చీకట్లో నిలబడ్డ మనిషి చేతిలో తుపాకీ ఉండకూడదు. 2000లో బషీర్‌బాగ్, 2007లో ముదిగొండ పోలీసు కాల్పులు మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగినవే. అక్కడ ఏం జరిగిందో ట్రైనింగ్‌లో ప్రతి ఒక్కరం విన్నాం.

లైను వెనక్కి

తర్వాతి నిర్ణయం మీద మా మధ్యే చాలా వాదన జరిగింది. లైనును రాయి అందనంత దూరం వెనక్కి తీసుకున్నాం. "వెనక్కి పోతే భయపడ్డారనుకుంటారు సార్, ఇంకా రెచ్చిపోతారు" అన్నాడు సీఐ. ఆ భయం మన డిపార్ట్‌మెంట్‌లో చాలామందికి ఉంది, నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. మార్కెట్ నడిబొడ్డున దుకాణాలు లూటీ అవుతుంటే వెనక్కి జరగలేం. ఇక్కడ మా వెనక కాపాడాల్సిన ఆస్తి లేదు, ముందు రాయి పడటానికి మేమే లక్ష్యం. మేం లేకపోతే రాయి ఎవరి మీద వేస్తారు? పైగా రాళ్లు వేసేవాళ్లకూ మాకూ మధ్య బంధువులే ఉన్నారు. మేం దగ్గరగా ఉన్నంతసేపు ఆ రాళ్లు వాళ్ల తలల మీదుగా వస్తున్నాయి. వెనక్కి జరిగాక ఒక పెద్దావిడే గట్టు వైపు తిరిగి "ఒరేయ్, మా మీద పడతన్నయ్, ఆపండ్రా" అని అరిచింది. మా మైకు చేయలేని పని అది. పావుగంటలో రాళ్లు తగ్గాయి.

దాంతో పాటే వెలుతురు. జీపుల హెడ్‌లైట్లు జనం కళ్లలోకి కొడుతున్నాయి, వాటిని ఆర్పించాం. దగ్గర్లోని టెంట్ హౌస్ నుంచి జనరేటర్, ఫోకస్ లైట్లు తెప్పించి గట్టు వైపు పెట్టించాం. ముఖం కనపడుతుందంటే రాయి వేసేవాడు ఆలోచిస్తాడు. ఇది ఎంత చిన్న ఏర్పాటో అంత పని చేసింది.

మరో పని రోడ్డుకు సంబంధించింది. పైనుంచి వస్తున్న ఒత్తిడంతా "రోడ్డు తెరవండి" అనే. రోడ్డు తెరవకుండానే ఆ ఒత్తిడి తగ్గించే మార్గం చూశాం. ఇటు కాజా టోల్‌ప్లాజా దగ్గర, అటు చిలకలూరిపేట వైపు భారీ వాహనాలను ఆపించాం. ముందు అంబులెన్స్‌ను, తర్వాత పిల్లలున్న బస్సులను ఒక్కొక్కటిగా మీడియన్ ఖాళీల్లోంచి వెనక్కి తిప్పించాం. కార్లను పక్క ఊళ్ల రోడ్ల మీదుగా మళ్లించాం. ఇది విసుగు పుట్టించే పని. ట్రాఫిక్ ఎస్సై, హోంగార్డులు గొంతు పోయేలా అరిచారు. కానీ గంటలో హారన్లు ఆగిపోయాయి. ప్రయాణికుల గుంపు కరిగిపోయింది, బస్సుల అద్దాల ప్రమాదం తప్పింది, సెట్లో అరుపులు తగ్గాయి. మాకు కావలసిన సమయం దొరికింది. తొందర లేనప్పుడు బలం వాడాలన్న అవసరం కూడా సగం పోతుంది.

మాట్లాడే మనిషి కోసం

ఇక్కడ మేం చేసిన మొదటి ప్రయత్నం పనిచేయలేదు. మండలంలో పలుకుబడి ఉన్న ఒక నాయకుడు వచ్చి "నేను చెప్తే వింటారు" అన్నాడు. అతన్ని ముందుకు పంపాం. అతను బంధువుల దగ్గరకు వెళ్లకుండా టీవీ కెమెరాల వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. కాలనీవాళ్లు అతన్ని వెళ్లిపొమ్మన్నారు. పాత అర్జీల్లో ఒకటి అతని చేతికే ఇచ్చారని మాకు ఆ తర్వాత తెలిసింది. అరగంట పోయింది, వాళ్లకు మా మీద ఉన్న కొద్ది నమ్మకం కూడా పోయింది. మధ్యవర్తిని మనం ఎంచుకోకూడదు. "మీ తరఫున ఎవరితో మాట్లాడమంటారు?" అని ఆ బంధువులనే అడగాలి.

ఈలోగా గుంటూరు నుంచి మహిళా సిబ్బంది వచ్చారు. ఒక మహిళా ఎస్సై టోపీ, లాఠీ జీపులో వదిలి, మంచినీళ్ల క్యాన్, శుభ్రమైన దుప్పట్లు తీసుకుని బంధువుల మధ్యకు వెళ్లి కింద కూర్చుంది. శవాలను తీస్తామన్న మాటే ఎత్తలేదు. "అమ్మా, మీరు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోరు" అని మాత్రం చెప్పింది. దుప్పట్లు కప్పడానికి ఆ తల్లి ఒప్పుకుంది. ఎవరితో మాట్లాడాలని అడిగితే వాళ్లు చెప్పిన పేర్లు రెండు: పాస్టర్ గారు, చెయ్యి విరిగిన పెద్దాయన.

పెద్దాయన ఆస్పత్రికి వెళ్లకుండా కాలనీ అరుగు మీద, చేతికి తువ్వాలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒకే మాట అన్నారు: "మాట్టాడదామని ముందుకొచ్చినోణ్ణే కొట్టారు సార్." దానికి సర్దిచెప్పే జవాబు ఇచ్చి ఉంటే కథ అక్కడే ఆగేది. "పెద్దాయనా, మీకు దెబ్బ తగిలింది పోలీసు చర్యలోనే. ఆస్పత్రిలో అలాగే రాయిస్తాం, మీరు ఫిర్యాదు ఇస్తే తీసుకుంటాం, విచారణ జరుగుతుంది" అని చెప్పి, అది రాయడానికి ఒక హెడ్ కానిస్టేబుల్‌ను అక్కడే కూర్చోబెట్టాను. ఆయన ఆ కాగితం పాస్టర్ గారితో చదివించుకున్నారు. తర్వాతే మిగతా మాటలు.

వాళ్లు అడిగినవి మూడు. డ్రైవర్‌ను పట్టుకోవాలి, కుటుంబాలకు పరిహారం ఇవ్వాలి, ఈ ఖాళీ దగ్గర ఇంకొకరు చావకూడదు.

మొదటిది విని ఆశ్చర్యపోయాం. డ్రైవర్ ప్రమాదమైన కాసేపటికే పక్క స్టేషన్‌లో లొంగిపోయాడు, లారీ అక్కడే ఉంది. పోలీసులందరికీ సెట్లో తెలుసు. రోడ్డు మీద ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. డబ్బు తీసుకుని వదిలేశారన్న పుకారు అప్పటికి ఫోన్లలో తిరుగుతోంది. గంటన్నర పాటు కోపం దాని మీదే కాగింది. ఇద్దరు పెద్దలను జీపులో తీసుకెళ్లి లారీని చూపించి, ఎఫ్‌ఐఆర్ నంబర్ రాసిచ్చాం. వాళ్లు తిరిగి వచ్చి చెప్పాక కుర్రాళ్లలో సగం మంది బైకులు తీశారు.

పరిహారం విషయంలో తహసీల్దారు వచ్చాకే మాట్లాడాం. ఇక్కడ చాలామంది అధికారులు నోటికొచ్చిన అంకె చెప్పి గండం గట్టెక్కుతారు, తర్వాతి రాస్తారోకోకు అదే విత్తనం. చట్టంలో ఉన్నదే చెప్పాం. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద తప్పు ఎవరిదన్న వాదన లేకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు అడగవచ్చు, అది తీసుకోకుండా అంతకు మించి కావాలంటే ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు, దానికి కావలసిన కాగితాలు స్టేషన్ నుంచి ఇస్తాం. ప్రభుత్వ సాయానికి ప్రతిపాదన పంపుతానన్నారు తహసీల్దారు, వస్తుందని మాట ఇవ్వలేదు.

మూడోది మా చేతిలో లేదు, అండర్‌పాస్ రహదారి సంస్థ పని. అదే చెప్పాం. మా చేతిలో ఉన్నది ఆ ఖాళీకి రెండు వైపులా వేగం తగ్గించేలా బారికేడ్లు, డ్రమ్ములు పెట్టడం, కోతల సీజన్ అయ్యేదాకా ఉదయం, సాయంత్రం అక్కడ ఒక మనిషిని ఉంచడం. రేపు పెడతాం అనకుండా ఆ రాత్రే, వాళ్లు చూస్తుండగానే బారికేడ్లు దించాం. నేను గమనించినంతలో జనం మనసు మారింది ఆ క్షణంలో. ఆ ఊరికి అన్నేళ్లలో ఒక కోరిక తీరడం కళ్లారా చూడటం అదే మొదటిసారి అన్నారు పాస్టర్ గారు.

శవాల తరలింపు మీద ఇంకో భయం మిగిలింది. మార్చురీలో రోజుల తరబడి పెడతారని, చూడనివ్వరని. ప్రతి శవంతోపాటు అంబులెన్స్‌లో ఇద్దరు బంధువులు కూర్చున్నారు. పంచనామాకు కాలనీ పెద్దలనే పిలిచాం. మర్నాడు పొద్దున్నే పోస్టుమార్టం అయ్యేలా డ్యూటీ డాక్టరుతో మాట్లాడి, ఆ మాట ఫోన్ స్పీకర్‌లో వాళ్లకు వినిపించాం. శవాలను ఎత్తింది బంధువులే. మా సిబ్బంది దారి ఇచ్చి పక్కన నిలబడ్డారు. అర్ధరాత్రికి ముందే రోడ్డు తెరుచుకుంది. మొదటి లాఠీ ఎత్తిన దగ్గర నుంచి లెక్కేస్తే నాలుగు గంటలకు పైగా పట్టింది.

కేసుల సంగతి

మర్నాడు అంతకంటే ముఖ్యమైన నిర్ణయం ఎదురైంది. రాళ్లు పడ్డాయి, సిబ్బందికి దెబ్బలు తగిలాయి, బస్సుల అద్దాలు పగిలాయి. కేసు పెట్టక తప్పదు, పెట్టకపోతే గాయపడిన కానిస్టేబుళ్లకు అన్యాయం. సిద్ధమైన చిత్తులో పదిమంది పేర్లు, ఆ తర్వాత "మరో రెండు వందల మంది" అని ఉంది. అలా రాయడం మనకు అలవాటు. ఆ ఒక్క ముక్క వల్ల కాలనీలో ప్రతి మగవాడూ అనుమానితుడు అవుతాడు. రాత్రికి రాత్రి ఊరు వదిలి పోతారు. లారీ కేసులో సాక్షులు ఎవరు? వాళ్లే. ఆటోలో గాయపడినవాళ్లను ఆస్పత్రిలో చూసుకోవాల్సిందీ వాళ్లే.

వీడియోల్లో రాయి విసురుతూ స్పష్టంగా కనిపించిన కొద్దిమంది మీదే కేసు నడిపాం, లెక్కలేని "మరికొందరు" తీసేశాం. రాయి విసిరినవాళ్లలో ఎక్కువమంది కాలనీవాళ్లు కాదు, పక్క ఊళ్ల నుంచి బైకుల మీద వచ్చినవాళ్లు. అందరినీ కలిపి రాసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. లాఠీఛార్జి మీద కూడా ఎవరు ఆదేశించారు, ఏ హెచ్చరిక ఇచ్చారు, ఎవరికి ఏ గాయమైంది అన్నది విడిగా నివేదిక రాయించాం. పెద్దాయన ఫిర్యాదు మీద విచారణ జరిగింది. మనవాళ్ల దెబ్బలు కేసు డైరీలో ఎంత వివరంగా రాస్తామో వాళ్ల దెబ్బలూ అంతే వివరంగా రాయాలని నా పట్టుదల.

ఈ కేసులో నేను పట్టుకున్నవి

రోడ్డు ఖాళీ కావడాన్ని ఫలితంగా చూడటం మానాలి. పది నిమిషాల్లో ఖాళీ అయిన రోడ్డు ఆ తర్వాత గంటలపాటు మూసుకుపోయింది. సెట్లో "క్లియర్" చెప్పేముందు ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అని అడిగితే ఆ పది నిమిషాలకే సంగతి అర్థమయ్యేది.

లాఠీ వాడాల్సిన పరిస్థితులు ఉంటాయి. ఒకరి మీద గుంపు పడి కొడుతుంటే, నిప్పు పెడుతుంటే మాటలతో కూర్చోలేం. అప్పుడు కూడా ఆ పని చేస్తున్న మనుషుల మీదికే లైను వెళ్లాలి, తప్పుకునేవాళ్లకు ఒక వైపు తెరిచి ఉంచాలి, దెబ్బ నడుము కిందే పడాలి. తల, మెడ, వెన్నెముక, మూత్రపిండాలు ఉన్న చోట్ల లాఠీ తగలకూడదని 2020లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. కానీ చీకట్లో, పరుగెత్తే జనంలో, కింద పడ్డవాడి నడుము ఎక్కడో తెలియదు. ముంజేయి విరిగిన పెద్దాయన తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టారు. ఆ గాయం చెప్పేది అదే. దెబ్బ వచ్చింది పైనుంచి. కాబట్టి వెలుతురు లేకుండా లాఠీఛార్జి ఆదేశం ఇవ్వకూడదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని సీనియర్లు ఉన్నారు. రాత్రి గొడవలకు లైట్లు వచ్చేదాకా ఆగలేమంటారు. ప్రాణాపాయం ఉన్న చోట వాళ్ల మాట నిజం. శవంతో కూర్చున్న రాస్తారోకోలో ఆ తొందర లేదు.

సమాచారం కూడా బందోబస్తులో భాగమే. డ్రైవర్ లొంగిపోయాడన్న ఒక్క వాక్యం ఆరున్నరకే మైకులో చెప్పి ఉంటే బైకుల మీద అంతమంది వచ్చేవాళ్లు కాదని అక్కడున్న ప్రతి ఒక్కరూ తర్వాత ఒప్పుకున్నారు. మన అలవాటు వేరు, నిందితుడి సంగతి బయటకు చెప్పకపోవడం జాగ్రత్త అనుకుంటాం. అతన్ని ఎక్కడ ఉంచామో చెప్పనక్కర్లేదు. పట్టుబడ్డాడని చెప్పవచ్చు.

ఆ సబ్ డివిజన్‌లో ఈ కేసు తర్వాత కొన్ని మార్పులు చేశాం. హైవే పక్క స్టేషన్ల జీపుల్లో దూరానికి వినపడే మెగాఫోన్, రెండు దుప్పట్లు, రీచార్జి ఫ్లడ్‌లైట్ ఉంటున్నాయి. మరణం జరిగిన ప్రమాద స్థలానికి మొదటి జీపుతోనే ఒక మహిళా కానిస్టేబుల్ వెళ్లాలని ఆదేశం ఇచ్చాం. సిబ్బంది కొరత వల్ల అన్ని రోజులూ అది సాధ్యం కావడం లేదు, పక్క స్టేషన్ నుంచి పిలిపించుకోవాల్సి వస్తోంది. ఊళ్లు ఇచ్చిన అర్జీల నకళ్లు స్టేషన్‌లో ఒక ఫైలుగా పెట్టి, ఎక్కడ ఎన్నిసార్లు ప్రమాదం జరిగిందో రాయిస్తున్నాం. ఎస్సై బయల్దేరేటప్పుడే ఆ చోటు చరిత్ర తెలిసి వెళ్తాడు. ఆ ఖాళీ దగ్గర అండర్‌పాస్ కోసం మా తరఫున కూడా లేఖ రాశాం, ఇంకా మంజూరు కాలేదు. బారికేడ్లు ఉన్నాయి. కోతల సీజన్‌లో ఉదయం, సాయంత్రం అక్కడ ఒక హోంగార్డు నిలబడి ఆటోలను దాటిస్తున్నాడు.